బాబాయి చెయ్యి తప్పిందా, నా క్లాక్ తప్పిందా?

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 29 ఏళ్ల పాఠకుడు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. సొంతూరు తెనాలి దగ్గర. పేరు రాయొద్దని కోరారు. ఉత్తరంలోని విషయం క్లుప్తంగా ఇదీ.

స్నేహితురాలి కూచిపూడి బృందానికి తొమ్మిది నిమిషాల సంగీతం చేసిస్తానని ఈయన ఒప్పుకున్నారు. అందులో వాళ్ల బాబాయి మృదంగం వాయిస్తారు, దానితో పాటు కంప్యూటర్లో నడిచే మాడ్యులర్ సింథసైజర్ (మాడ్యూళ్లనే చిన్న చిన్న భాగాల్ని కలిపి శబ్దాలు పుట్టించేది) ఉంటుంది. ఈయన వాడేది వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్. బాబాయికి 58 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా హరికథలకూ గుడి ఉత్సవాలకూ వాయిస్తున్న మనిషి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆయనకు హెడ్‌ఫోన్స్ పెట్టి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నిమిషానికి 96 బీట్ల క్లిక్ వినిపిస్తూ, ఆది తాళంలో మొత్తం ఒకే టేకులో రికార్డు చేసుకొచ్చారు. మధ్యలో ఒక నిమిషం ఖండ గతి (బీట్‌కి ఐదు అక్షరాల నడక) ఉంది.

బెంగళూరు వచ్చాక ర్యాక్‌లో ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే తరంగాన్ని పుట్టించే) మాడ్యూల్ నాబ్‌ని 1.6 హెర్ట్జ్ దగ్గరికి తిప్పి, దాన్నే క్లాక్‌గా, అంటే వేగం చెప్పే గడియారంగా పెట్టి, స్వరాల్ని అడుగడుగుగా వరసలో వాయించే సీక్వెన్సర్‌ని నడిపారు. 96ని 60తో భాగిస్తే 1.6 కదా, సరిపోతుందనుకున్నారు. ర్యాక్‌లోనే రికార్డర్ మాడ్యూల్‌తో ఫైలు చేసి రీపర్‌లో మృదంగం కింద పెట్టారు. మొదట్లో బాగానే ఉంది. పోనుపోనూ మృదంగం వెనకబడుతున్నట్టు వినిపించింది. కొలిచి చూస్తే మొదటి నిమిషం చివర సగటున 11 మిల్లీసెకన్లు, మూడో నిమిషం చివర 34, ఆరో నిమిషం చివర 67. ఆ స్క్రీన్ ఫోటో తీసి, ఎర్ర గీతలు గీసి, "బాబాయ్, మూడో నిమిషం నుంచి లయ జారింది చూడండి" అని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. బాబాయి ఒక్క మాట జవాబిచ్చారు: "చెయ్యి పాతదైపోయిందిరా. వేరే కుర్రాణ్ణి చూసుకో." అప్పటి నుంచి ఫోన్ ఎత్తినా కుశల ప్రశ్నల దగ్గరే ఆగిపోతున్నారు.

తర్వాత ఈయనకే అనుమానం వచ్చింది. లూప్‌మిడి అనే వర్చువల్ మిడి పోర్టు (మిడి అంటే సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) పెట్టి, రీపర్ క్లాక్‌ని ర్యాక్‌కి పంపించి, రీరూట్ అనే ఆడియో దారి ద్వారా ర్యాక్ శబ్దాన్ని రీపర్‌లోకే మళ్లీ రికార్డు చేశారు. ఈసారి జారడం లేదు. కానీ మొదటి నుంచీ సింథ్ 18 మిల్లీసెకన్ల ఆలస్యం, అది కూడా ఒకసారి 15, ఒకసారి 21. సీక్వెన్సర్ మొదటి అడుగు వదిలేసి రెండో అడుగుతో మొదలవుతోంది. పాట మధ్యలోంచి ప్లే చేస్తే ప్యాటర్న్ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఖండ గతి భాగం అసలు కుదరడం లేదు. డబ్బు పెట్టి ర్యాక్ ప్రో కొనాలా? ఇంకేదైనా దారి ఉందా? నిజంగా బాబాయి తప్పారా, లేదా? తప్పకపోతే ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పాలి? ఇవీ ఆయన ప్రశ్నలు. చేతిలో ఏడు వారాలున్నాయి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాబాయి తప్పారా లేదా అన్న దానికి జవాబు మీరు రాసిన మూడు అంకెల్లోనే ఉంది. నిమిషానికి 11, మూడు నిమిషాలకి 34, ఆరు నిమిషాలకి 67. ఒక్కసారి భాగించి చూడండి. ప్రతి నిమిషానికీ పదకొండు చిల్లర. గ్రాఫ్ గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు వస్తుంది. మనిషి చెయ్యి ఇలా తప్పదు. మనిషి ఉత్సాహం వస్తే కాస్త ముందుకి తోస్తాడు, అలసిపోతే వెనక్కి లాగుతాడు, ముక్తాయింపు దగ్గర బిగించి సమం (తాళం మొదటి బీట్) మీదికి వచ్చి మళ్లీ సర్దుకుంటాడు. ఆరు నిమిషాల పాటు ఒకే వైపుకి, ఒకే పాళ్లలో జారగలిగేది యంత్రం మాత్రమే.

ఎంత తేడానో కూడా చెప్పొచ్చు. 60,000 మిల్లీసెకన్లలో 11 చిల్లర అంటే దాదాపు 0.019 శాతం. 1.6 హెర్ట్జ్‌లో అది 0.0003. అంటే మీ నాబ్ 1.6 దగ్గర కాదు, 1.6003 దగ్గర ఆగింది. చేత్తో తిప్పే నాబ్‌కి అది వెంట్రుకవాసి కూడా కాదు. కానీ తొమ్మిది నిమిషాల చివరికి అదే 100 మిల్లీసెకన్లు అవుతుంది. మీ వేగంలో బీట్‌కి 625 మిల్లీసెకన్లు, అందులో పావు భాగం 156. అంటే చివరికొచ్చేసరికి సింథ్ ఆ పావులో మూడింట రెండు వంతులు ముందుకి పరుగెత్తిపోయింది. మృదంగం వెనకబడినట్టు వినపడింది అందుకే.

ఇది నా మాట మీద నమ్మకండి. ఈ రాత్రే రీపర్‌లో సింథ్ ట్రాక్ మూసేసి, క్లిక్ ఆన్ చేసి, బాబాయి మృదంగాన్ని మొదటి నుంచి చివరి దాకా వినండి. ఆయన విన్నది ఆ క్లిక్, అనుసరించింది ఆ క్లిక్. రెండూ చివరి దాకా కలిసి నడిస్తే ఇక సందేహం లేదు. దగ్గరగా జూమ్ చేస్తే దెబ్బలు కొన్ని క్లిక్‌కి నాలుగైదు మిల్లీసెకన్లు ముందు, కొన్ని వెనక కనిపిస్తాయి. వాటిని చూసి మళ్లీ ఎర్ర గీతలు గీయకండి. అది తప్పు కాదు, వాయిద్యం ఊపిరి తీసుకోవడం. అది లేకపోతే మీకు బాబాయి ఎందుకు, మృదంగం శాంపిల్స్ పెట్టుకుంటే సరిపోయేది.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఒకే పాటకి మీరు ఇద్దరు నాయకుల్ని పెట్టారు. మృదంగానికి రీపర్ క్లిక్, సింథ్‌కి ఎల్‌ఎఫ్‌ఓ. రెండింటి మీదా 96 అని రాసి ఉంది, అంతే. ఒకరి మాట ఒకరికి వినపడదు. హరికథ చూసే ఉంటారు కదా. దాసుగారి చేతిలో చిరతలు, కాళ్లకి గజ్జెలు. ఆయన కథలోంచి పాటలోకి, పాటలోంచి మళ్లీ కథలోకి దూకేస్తుంటారు, వేగం మారుస్తుంటారు. అయినా మృదంగం విడిపోదు. ఎందుకంటే వాయించేవాళ్ల దృష్టి ఎప్పుడూ ఆ చిరతల మీదే ఉంటుంది. మీ బాబాయి ముప్పై ఏళ్లు చేసింది ఆ పనే. సింక్ అనే మాటకి అర్థం కూడా అదే: చిరతలు ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకుని, మిగిలినవాళ్లందరినీ వాటికి కట్టడం. ఇక ఆ చిరతలు ఎవరికివ్వాలో మీరే తేల్చుకోవాలి. ఏ దారిలో ఏమొస్తుందో, ఏం పోతుందో చెబుతాను.

ముందుగా మంచి వార్త. మొదటిసారి చేసిన సింథ్ ఫైలు పారేయక్కర్లేదు. జారుడు సరళరేఖలో ఉంది కాబట్టి దాన్ని సరిచేయడం చాలా తేలిక. రీపర్‌లో ఆ ఐటమ్ మొదటి బీట్‌ని క్లిక్‌కి సరిగ్గా కలపండి. తర్వాత ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని ఐటమ్ కుడి అంచుని లాగుతూ, చివరి ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) సమం కూడా క్లిక్ మీదికి వచ్చేలా సాగదీయండి. తొమ్మిది నిమిషాల ఫైలు పదోవంతు సెకను మాత్రమే పెరుగుతుంది. ఐటమ్ ప్రాపర్టీస్‌లో శ్రుతిని కాపాడే టిక్ తీసేయండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలు చేసి అతికించదు. శ్రుతి ఎంత తగ్గుతుందంటే, ఒక స్వరస్థానాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి మూడో వంతు. ఏ గాయకుడి చెవికీ అందదు. ఇది పావుగంట పని. నష్టం ఒక్కటే: రేపు ప్యాటర్న్ మార్చాలనుకుంటే మళ్లీ మొదటికొస్తారు. ఏడు వారాల్లో నాట్యం నేర్పేవాళ్లు "ఇక్కడ రెండు ఆవర్తనాలు పెంచండి" అనకుండా ఉంటారా? నా అనుభవంలో అనకుండా ఉన్నవాళ్లు లేరు.

కాబట్టి నిజమైన సింక్ మీకు ఎలాగూ అవసరమే. మీ రెండో ప్రయత్నం సరైన దారిలోనే ఉంది, సగంలో ఆగింది.

1983లో మిడి ప్రమాణం వచ్చినప్పుడు క్లాక్‌కి బీట్‌కి 24 టిక్కులని స్థిరపరిచారు. రీపర్ మీ వర్చువల్ పోర్టులోకి పంపేది ఆ టిక్కులే. 96 వేగంలో 26 మిల్లీసెకన్లకు ఒకటి. ఒక టిక్కుకి తాను ఎన్నో టిక్కో తెలియదు. ఏ బీట్‌లో ఉన్నామో, ఏ ఆవర్తనంలో ఉన్నామో అందులో ఉండదు. అందుకే దాంతో పాటు స్టార్ట్, స్టాప్, కంటిన్యూ అనే వేరే సందేశాలు వస్తాయి. మీ ర్యాక్‌లో మిడి నుంచి సీవీకి (ర్యాక్ లోపలి సంకేతాలకి) మార్చే మాడ్యూల్‌లో క్లాక్ పక్కనే స్టార్ట్ అవుట్‌పుట్ ఉంటుంది. దాన్ని సీక్వెన్సర్ రీసెట్‌కి కలిపారా లేదా మీరు రాయలేదు. కలపకపోతే ప్యాటర్న్ పోయినసారి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది. కలిపి ఉంటే, మొదటి అడుగు పోవడానికి కారణం ఇంకొకటి. రీసెట్, మొదటి టిక్కు దాదాపు ఒకేసారి వస్తాయి. రీసెట్ సీక్వెన్సర్‌ని ఒకటో అడుగు మీద నిలబెడుతుంది, మరుక్షణంలో టిక్కు వచ్చి రెండో అడుగులోకి తోసేస్తుంది. అందుకే రీసెట్ తర్వాత ఒక మిల్లీసెకను దాకా వచ్చే క్లాక్‌ని పట్టించుకోవద్దని వీసీవీ వాళ్లు మాడ్యూళ్లు తయారుచేసేవాళ్లకి నియమం పెట్టారు. అందరూ పాటించరు. మీ సీక్వెన్సర్ పాటించని రకమైతే ఇంకోటి ఎంచుకోవడమే సులువు. దాని కోసం గంటలు వృథా చేసుకోకండి.

ఇక ఆ 18 మిల్లీసెకన్లు. ఇక్కడ రెండు వేరువేరు జబ్బులున్నాయి, ఒకే మందు పనిచేయదు. సగటున 18 ఆలస్యం అన్నది స్థిరమైన జబ్బు. టిక్కు పోర్టు దాటాలి, ర్యాక్ బఫర్ (శబ్దం కాసేపు నిలవుండే చోటు) దాటాలి, శబ్దం తిరిగి రావాలి. ఉదాహరణకు 48 కిలోహెర్ట్జ్‌లో 512 శాంపిళ్ల బఫర్ ఒక్కటే 10.7 మిల్లీసెకన్లు తింటుంది. రికార్డయ్యాక ఐటమ్‌ని 18 ఎడమకి జరిపితే ఈ జబ్బు పోయినట్టే. కానీ 15 నుంచి 21 మధ్య ఊగడం ఉందే, అది జరిపితే పోదు. రెండు ప్రోగ్రాముల మధ్య మిడి సందేశం ప్రతిసారీ ఒకే సమయంలో చేరదు కాబట్టి వచ్చే వణుకు అది. తంబూరాలా సాగే నాదాలకి మూడు మిల్లీసెకన్ల వణుకు ఎవరికీ వినపడదు. మృదంగం మీద చాపు అనే దెబ్బతో పాటే పడే టకటక శబ్దాలకైతే జాగ్రత్తగా వినేవాళ్లకి అంచు మొద్దుబారినట్టు తెలుస్తుంది. మీ సింథ్ ఎలాంటి శబ్దాలు చేస్తుందో మీరు రాయలేదు. మొదటి రకమే ఎక్కువైతే ఇక్కడితో ఆగొచ్చు, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రెండో రకమైతే ర్యాక్‌ని రీపర్ బయట కాకుండా లోపలే, ప్లగిన్‌గా నడపాలి. లోపల ఉంటే రెండింటికీ ఒకే ఇంజిన్, ఒకే శాంపిల్ లెక్క. పోర్టులు లేవు, తిరుగు ప్రయాణం లేదు. ఉచిత ర్యాక్ ప్లగిన్‌గా రాదు, ప్రో మాత్రమే వస్తుంది. దాని ధర 149 డాలర్లు. కొంటే మీ పాత ప్యాచ్‌లు (మీరు కలిపి పెట్టుకున్న అమరికలు), మాడ్యూళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే తెరుచుకుంటాయి, రీపర్ ప్లే కొడితే క్లాక్, స్టార్ట్ దానంతటవే వస్తాయి. ఇది మీ వృత్తి కాబోతుంటే కొనండి. ఒక్క పాట కోసమైతే ముందు కార్డినల్‌ని ప్రయత్నించమంటాను. అది వీసీవీ ర్యాక్ కోడ్ మీదే కట్టిన ఉచిత ఓపెన్‌సోర్స్ ప్లగిన్. అందులో హోస్ట్ టైమ్ అనే మాడ్యూల్ ఉంది. ఆవర్తనంలా బార్‌కి ఒక పల్స్, బీట్‌కి ఒకటి, పాట నడుస్తోందా ఆగిందా అన్న సంకేతం, రీసెట్, అన్నీ నేరుగా రీపర్ నుంచే ఇస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, మాడ్యూళ్లు అందులో ముందే పెట్టి ఉన్నవే. మీరు లైబ్రరీ నుంచి దింపుకున్నవీ, కొన్నవీ అందులో ఉండకపోవచ్చు. మీ ప్యాచ్‌లో ఏ మాడ్యూళ్లు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని, కార్డినల్‌లో ఎన్ని దొరుకుతాయో చూడండి. ఒకటో రెండో తప్ప అన్నీ దొరికితే 149 డాలర్లు మిగిలినట్టే.

ఖండ గతి సంగతికొద్దాం. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. మీరు కుదరడం లేదన్నది మీ చేతకానితనం కాదు, లెక్కే కుదరదు. 24ని నాలుగుతో భాగిస్తే 6, చతురస్రం హాయిగా వస్తుంది. మూడుతో భాగిస్తే 8, తిస్రమూ వస్తుంది. ఐదుతో భాగిస్తే 4.8. టిక్కులో ఎనిమిది పదోవంతులంటూ ఏమీ ఉండదు కాబట్టి టిక్కుల్ని పంచే డివైడర్ మాడ్యూల్ తనకి దగ్గరలో ఉన్న టిక్కు మీద వాలుతుంది. 625 మిల్లీసెకన్లని ఐదు భాగాలు చేస్తే 125 చొప్పున రావాలి. మీకు ఒకటి 130, ఒకటి 104 ఇలా వస్తాయి. తకతకిట కుంటుతూ నడుస్తుంది. మిశ్రానికి (ఏడు), సంకీర్ణానికి (తొమ్మిది) కూడా ఇదే గతి. అమెరికా, జపాన్ డ్రమ్ మెషీన్ల అవసరాలకి తయారైన లెక్క ఇది, మన ఐదూ ఏడూ వాళ్ల ఆలోచనలో లేవు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇంప్రాంప్టు వాళ్ల క్లాక్డ్ అనే ఉచిత మాడ్యూల్. దాని బీపీఎం (నిమిషానికి బీట్లు) ఇన్‌పుట్‌ని 24 టిక్కుల మోడ్‌లో పెట్టి మిడి క్లాక్ ఇస్తే అది వేగాన్ని లెక్కగట్టి, ఐదు రెట్లు, ఏడు రెట్లు సొంతంగా సమంగా పంచుతుంది. రెండోది నాకు బాగా నచ్చిన పద్ధతి, క్లాక్‌నే పక్కన పెట్టేయడం. రీపర్‌లో ఒక మిడి ట్రాక్ తీసుకుని అందులో మీరే తాళం వేయండి. ఒక స్వరాన్ని అడుగులకి కేటాయించండి: చతురస్రం ఉన్నచోట బీట్‌కి నాలుగు, ఖండం ఉన్నచోట ఐదు. ఇంకో స్వరాన్ని సమానికి మాత్రమే కేటాయించండి, ఆవర్తనానికి ఒక్కసారి. ర్యాక్‌లో మిడి గేట్ మాడ్యూల్ పెట్టి మొదటి స్వరాన్ని సీక్వెన్సర్ క్లాక్‌కి, రెండోదాన్ని రీసెట్‌కి కలపండి. రీపర్ తన మిడిలో బీట్‌ని 960 భాగాలుగా చూస్తుంది. 960ని ఐదుతో భాగిస్తే నిండుగా 192. ఏడుతో భాగిస్తే శేషం వస్తుంది, కానీ అక్కడ ఒక భాగం మిల్లీసెకను కన్నా తక్కువే.

ఇది కొంచెం చేతిపని, నిజమే. కానీ దీంతో మీ ఇబ్బందులు మూడు ఒకేసారి తీరతాయి. ఖండం కుదురుతుంది. పాట మధ్యలోంచి ప్లే కొట్టినా, మహా అయితే ఒక ఆవర్తనం తర్వాత సమం రాగానే ప్యాటర్న్ సర్దుకుంటుంది. మీ వేగంలో ఆవర్తనం ఐదు సెకన్లే. నాట్యం వాళ్లు రెండు ఆవర్తనాలు పెంచమంటే ఆ ట్రాక్‌లో రెండు ఆవర్తనాలు కాపీ చేసి అతికిస్తే చాలు. మీ తొమ్మిది నిమిషాల్లో మొత్తం ఎన్ని ఆవర్తనాలో లెక్కపెట్టారా? సరిగ్గా 108. ఆ మాట బాబాయికి చెప్పండి, సంతోషిస్తారు. ఒక్క హెచ్చరిక: ఇక్కడ కూడా సమం దగ్గర రీసెట్టూ క్లాకూ ఒకేసారి పడతాయి కాబట్టి, రీసెట్ నియమం పాటించే సీక్వెన్సర్‌నే వాడండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ చిరతలు రీపర్ చేతికిచ్చే దారులు. ఇంకో దారి ఉంది, చిరతలు బాబాయికిచ్చేయడం. క్లిక్ లేకుండా ఆయన్ని మనసుకి వచ్చినట్టు వాయించమని, రికార్డయ్యాక ప్రతి ఆవర్తనం సమం దగ్గరా రీపర్‌లో గుర్తుపెట్టి, వాటి ప్రకారం టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చెప్పే పటం) తయారుచేయాలి. ఆ పని మొదలుపెట్టే ముందే మృదంగం ట్రాక్ టైమ్‌బేస్‌ని సమయానికి కట్టేయండి, లేకపోతే టెంపో మారిన ప్రతిసారీ ఆడియో జరిగిపోతుంది. ఆ మ్యాప్ మీద సింథ్ నడుస్తుంది. అంటే బాబాయి ముందుకి తోస్తే యంత్రం కూడా ముందుకి వస్తుంది, ఆయన నిలబెడితే అదీ నిలబడుతుంది. వినడానికి ఇంతకన్నా అందమైనది ఇంకోటి లేదు. కానీ 108 గుర్తులు పెట్టాలంటే ఒక సాయంత్రం పోతుంది, ఓపిక కావాలి. సింథ్‌లో బీట్‌కి కట్టిన డిలేలు (ప్రతిధ్వనులు) వేగం మారినప్పుడల్లా శ్రుతి వంచినట్టు జారొచ్చు, వాటిని విప్పేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాట్యం చేసే పిల్లలు ఆ ఒడుదుడుకులకి అలవాటు పడాలి. మామూలుగా నట్టువాంగం చేసేవాళ్లు ఎదురుగా ఉంటే ఆ సర్దుబాటు కళ్లతో జరిగిపోతుంది. రికార్డు మీద ఆడేటప్పుడు అది ఉండదు. కాబట్టి ఈ దారి పట్టేముందు మీ స్నేహితురాలిని అడగండి. ఆవిడ స్థిరమైన వేగమే కావాలంటే వాదించకండి, కాళ్లు వాళ్లవి.

మృదంగానికి మైకు పెట్టి ప్రతి దెబ్బనీ ర్యాక్ క్లాక్‌గా వాడదామన్న ఆలోచన మీకు వస్తుంది, చాలామందికి వస్తుంది. అది క్లాక్‌గా పనికిరాదు. మృదంగం బీట్లు లెక్కపెట్టదు, వాటి మధ్య ఆడుకుంటుంది. ఆ దెబ్బలతో సింథ్ ఫిల్టర్ తెరుచుకునేలా చేయండి, అక్కడ అద్భుతంగా ఉంటుంది.

ఇక బాబాయి సంగతి. ఇదే మీకు అసలు టెన్షన్ అని నాకు తెలుసు, ఉత్తరంలో సగం ఆయన గురించే ఉంది.

లయ జారిందన్న మాట మృదంగం వాయించే మనిషికి చిన్న మాట కాదు. పాట పాడేవాళ్లకి స్వరం తప్పితే వయసు మీదో, గొంతు మీదో వేసుకోవచ్చు. మృదంగానికి కాలప్రమాణం పోతే ఇక మిగిలేదేమీ లేదు. పైగా మీరు ఆ మాట అందరి ముందూ అన్నారు, బొమ్మతో సహా అన్నారు. వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఏమీ అనకపోయినా, నీలి టిక్కులు పడుతుంటే ఆయన చూస్తూనే ఉండి ఉంటారు. ఆ మాట మీరు చెడ్డ ఉద్దేశంతో అనలేదు, తెరమీద కనిపించిందాన్ని నమ్మారు. కానీ రెండు గడియారాలు తేడాగా ఉంటే ఏది తప్పో చూడకుండానే, మనిషి వైపున్నదాన్నే అనుమానించారు. నొప్పి అక్కడుంది.

మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా పాట సరిచేసి, పూర్తయ్యాక పంపించడం ఒకటి. బాబాయి మంచివారైతే "బాగుందిరా" అంటారు. కానీ ఆ ఎర్ర గీతల ఫోటో గ్రూపులో అలాగే ఉంటుంది, ఆయన మనసులోనూ ఉంటుంది. తర్వాతి పాటకి పిలిస్తే ఏదో పని ఉందంటారు.

నేరుగా గ్రూపులో "తప్పు నాది" అని రాసేయడం రెండోది. ధైర్యమైన పనే. కాకపోతే ఆయన కూడా అందరితో పాటే తెలుసుకుంటారు, ముందుగా తనకి చెప్పలేదన్న వెలితి ఉంటుంది. కొందరు పెద్దవాళ్లకి తమ గురించి మళ్లీ పంచాయితీ మొదలైందన్న ఇబ్బంది కూడా కలుగుతుంది.

ముందు ఆయనకి ఫోన్ చేసి, ఆ తర్వాత గ్రూపులో రాయడం మూడోది. నేనైతే ఇది చేస్తాను. ఫోన్లో ఎల్‌ఎఫ్‌ఓ గురించీ మిడి గురించీ మొదలుపెట్టకండి. అలా చెబితే సాకులా వినిపిస్తుంది. "బాబాయ్, మీరు క్లిక్‌తోనే చివరిదాకా ఉన్నారు. నా మిషన్ పరుగెత్తింది. నేను చూసుకోకుండా మిమ్మల్ని అన్నాను, అదీ అందరిలో అన్నాను. క్షమించండి." ఇంతే చాలు. ఎలా పరుగెత్తిందిరా అని ఆయనే అడిగితే అప్పుడు చెప్పండి. చిరతల లెక్కలో చెబితే అర నిమిషంలో అర్థం చేసుకుంటారు, మీకన్నా బాగా అర్థం చేసుకుంటారు. తర్వాత గ్రూపులో పాత ఫోటో కిందే జవాబుగా రెండు వాక్యాలు పెట్టండి. ఫోటో తీసేయాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి. కొందరికి అది పోవాలి. కొందరికి దాని కిందే సవరణ ఉండాలి.

ఆయన వెంటనే కరిగిపోకపోవచ్చు. "సరేలే" అని పెట్టేస్తే ఆ రోజుకి వదిలేయండి, రోజూ ఫోన్ చేసి బతిమాలకండి. రెండు వారాలు ఆగి, సాగదీసి సరిచేసిన పాటని, ఆయన ట్రాక్ మీద ఒక్క కోత కూడా పెట్టకుండా, పంపించండి. ఒకవేళ ఆయన మళ్లీ వాయించనంటే కూడా మీ దగ్గరున్న టేకు మంచిదే, పాట ఆగదు. కానీ ఆ టేకు వాడుకోవడానికి మాత్రం ఆయన్ని అడిగి, సరే అన్నాకే వాడండి.

వస్తానంటే ఊరెళ్లండి, ఖండ గతి భాగం మళ్లీ చేయించుకోండి. ఆయన హెడ్‌ఫోన్స్‌లో ఆ బీప్ వినిపించకండి. రీపర్‌లో క్లిక్ శబ్దాన్ని మార్చుకోవచ్చు, మన సొంత ఆడియో ఫైలు పెట్టుకోవచ్చు. వెళ్లినరోజు బాబాయితో వాయించే దాసుగారెవరి దగ్గరైనా చిరతలు అడిగి తీసుకుని, రెండు దెబ్బలు రికార్డు చేసి, వాటినే క్లిక్‌గా పెట్టండి. సమానికి గట్టిది, మిగిలిన ఏడు బీట్లకి మెత్తనిది.